పై వరస నాలుగు పళ్లు

పోయిన వారం మనం పళ్ల డాక్టరమ్మను ఇంటి వెనక గదిలో స్టూలు మీద నిలబెట్టి వదిలేశాం. ఆమె చేతుల్లో పాత గుడ్డ మూట ఉంది. మూటలో మూడు పళ్ల అచ్చులు, ప్లాస్టరుతో పోసినవి, ఏళ్లు గడిచి పసుపెక్కినవి. మూడింటి అడుగునా తండ్రి చేతిరాతలో ఒకటే మాట: ‘ఏడో సీటు’. తేదీలు మాత్రం వేరువేరు. అలికిడి విని తిరిగి చూస్తే గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు.

ఆమెను ఆ స్టూలెక్కించింది ఒక టైలరమ్మ నోరు. పది రోజుల కిందట ఆ టైలరమ్మ పై వరసలో ముందు పళ్లు నాలుగు ఊగుతున్నాయంటూ క్లినిక్‌కి వచ్చింది. చిగుళ్లు చూస్తే చీము లేదు, నెత్తురు లేదు. పళ్లు మాత్రం గాలికి కదిలే గొళ్లెంలా కదులుతున్నాయి. అందులో ఒక పన్ను మొదలు దగ్గర గులాబీ రంగు తిరిగింది. చిన్న అద్దం పెట్టి అంగిలి చూస్తే, ముందు భాగంలో ఆవగింజలంతేసి బొడిపెలు కనిపించాయి. నొక్కినా నొప్పి లేదంది. ముక్కు మూడేళ్లుగా దిబ్బడట. బట్టల దూది పోయి ఉంటుందిలే అని ఊరుకుందట. డాక్టరమ్మ అప్పుడు నోటి మీద నుంచి కళ్లెత్తి ఆమె ముఖం చూసింది. కనుబొమల చివరలు పలచబడి ఉన్నాయి. చెవి తమ్మెలు దళసరిగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. చర్మం డాక్టరు దగ్గరికి చీటీ రాసి పంపింది. నిన్న జవాబు వచ్చింది. కుష్టు.

ఆ చర్మం డాక్టరు ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. అందరూ చేతుల మీద, వీపు మీద మచ్చల కోసమే చూస్తారనీ, ముందుగా నోట్లో బయటపడటం అరుదనీ చెప్పాడు. ఈ క్రిమికి ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే ఇష్టమట. ముక్కు, చెవి తమ్మెలు, అంగిలి ముందు భాగం. ముక్కు కింద పై పళ్లను పట్టి ఉంచే ఎముక మెల్లమెల్లగా కరిగిపోతుందట. మంచి నోటి అచ్చు ఏదైనా ఉంటే పక్కన పెట్టుకుని చూడండి, తేడా మీకే తెలుస్తుంది అన్నాడు. అలాంటి అచ్చు కోసమే ఆమె వెనక గదిలో పై అర వెతికింది. దొరికినవి ఇవి.

“దిగు తొర్రీ. ఆ స్టూలుకి ఒక కాలు కురచ,” అన్నాడు తండ్రి.

నలభై రెండేళ్ల కూతుర్ని ఆయన ఇంకా తొర్రీ అనే పిలుస్తాడు. ఆరేళ్లప్పుడు ముందు పళ్లు రెండూ ఒక్క రోజునే ఊడిన నాటి పేరు అది. ఆయన్ను మాత్రం వీధి వీధంతా పళ్ల మేస్త్రి అంటుంది. ఆయన చదువుకున్న డాక్టరు కాదు. ముందు గదిలో డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే, వెనక గదిలో మైనం కరిగించి, పన్ను పక్కన పన్ను పేర్చి సెట్టు కట్టేవాడు. నలభై అయిదేళ్లు అదే పని. ముందు గదిలో డాక్టర్లు మారారు. చివరికి కూతురే ఆ కుర్చీ పక్కకి వచ్చింది. చేతులు వణుకుతున్నాయని రెండేళ్లుగా ఆయన పని మానేశాడు గానీ గదిని మానలేదు. పొద్దున్నే వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు. పనిముట్లు తుడిచి, మళ్లీ ఉన్నచోటనే పెడతాడు.

ఆమె దిగింది. మూడు అచ్చులనూ తేదీల వరసన బల్ల మీద పెట్టింది. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటిదాంట్లో పై వరస ముందు పళ్లు నాలుగూ నిండుగా, కుదురుగా ఉన్నాయి. ఒకదాని మూల మాత్రం చిట్లి ఉంది. రెండోదాంట్లో ఆ పళ్ల పైన ఎముక అంచు వెనక్కి తగ్గింది. మూడోదాంట్లో ఆ నాలుగు పళ్లూ లేవు. అవి ఉండాల్సిన చోట, వాడివాడి అరిగిన సబ్బుబిళ్లలా, సన్నటి గట్టు మిగిలింది.

“ఇవి ఎవరివి నాన్నా?”

ఆయన తన కుర్చీలో కూర్చున్నాక జవాబిచ్చాడు.

“మీ అమ్మవి.”

ఆమెకు తల్లి గురించి తెలిసింది తక్కువ. పెళ్లికి ముందు నుంచీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసేదని తెలుసు. తనకు ఎనిమిదేళ్లప్పుడు ఒంట్లో బాగాలేక, దూరంగా ఏదో ఆసుపత్రికి వెళ్లిందని తెలుసు. తండ్రి ఒక్కడే తిరిగొచ్చి, “అమ్మ ఇంక రాదు” అన్న రోజు తెలుసు. ఆ తర్వాత ఆయన ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. పెద్దయ్యాక అడిగినా జ్వరం అన్నాడు, ఊపిరితిత్తులు అన్నాడు, ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పలేదు. ఇప్పుడు అబద్ధం చెప్పే వీలు లేదు. ఎదురుగా బల్ల మీద మూడు అచ్చులున్నాయి, వాటిని చదవగలిగిన కూతురు ఉంది.

ముసలాయన మొదటి అచ్చును చేతిలోకి తీసుకున్నాడు.

అప్పట్లో ఊరవతలకి ఫోను చెయ్యాలంటే ఎక్స్ఛేంజీకి చెప్పుకోవాలి. అక్కడ పొడుగాటి బల్ల ముందు తొమ్మిదిమంది ఆడపిల్లలు వరసగా కూర్చుని, తీగలు తీసి పెడుతూ, పెట్టి తీస్తూ ఊళ్లను కలిపేవాళ్లు. పేర్లు చెప్పకూడదు, సీటు నంబరే చెప్పాలి. మేస్త్రి ప్లాస్టరు కోసం, మైనం కోసం దూరపు డిపోకి నెలకోసారి ఫోను చేసేవాడు. ఓ రోజు ‘ఏడో సీటు, నంబరు చెప్పండి’ అని ఒక గొంతు పలికింది. గొంతు విని మనిషి పళ్లు చెప్పగలనని ఆయనకు ఒక పిచ్చి నమ్మకం. ‘స’ పలికే తీరుని బట్టి, ముందు పన్ను ఒకటి మూల విరిగిందని కనిపెట్టాడట. ఆ తర్వాత నెలకోసారి కావాల్సిన మైనం వారానికోసారి కావాల్సొచ్చింది. వెనక గదిలో మైనం అటక దాకా పేరుకుపోయింది.

నాలుగో నెలలో ధైర్యం తెచ్చుకుని అడిగేశాడు. మీకు పై వరసలో కుడివైపు పన్ను చిట్లింది కదండీ అని. లైను తెగిందేమో అనుకున్నాడు. తర్వాత నవ్వు వినిపించింది. నవ్వుతూనే, మూడు నిమిషాలు అయిపోయాయి, పెట్టేస్తున్నాను అంది. ఆ శనివారం మధ్యాహ్నం క్లినిక్‌కి వచ్చి ముందు గదిలో కూర్చుంది. ఆ రోజు తీసిందే మొదటి అచ్చు. డాక్టరు భోజనానికి వెళితే తనే తీశాననీ, అది తప్పనీ, ఆ తప్పు మళ్లీ చెయ్యమన్నా చేస్తాననీ చెప్పాడు ముసలాయన. చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ముప్పై ఏళ్ల కుర్రతనం ఒకసారి తొంగి చూసి వెళ్లింది.

డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు. ఆ ముఖం ఆమె ఎప్పుడో చిన్నప్పుడు చూసింది. తల్లి డ్యూటీ దిగి వచ్చే వేళకి, ఇదే గది కిటికీలోంచి ఆయన వీధి మలుపు చూసేవాడు. ఆమె కనిపించగానే స్టవ్ వెలిగించేవాడు.

రెండో అచ్చు పిల్లకు ఐదేళ్లప్పటిది. తల్లి మెట్ల మీద జారితే అదే పన్ను మళ్లీ చిట్లింది. అప్పటికే ఆమెకు ఎప్పుడూ ముక్కు దిబ్బడే. గొంతు మారింది. ఫోను చేసినవాళ్లు ‘అమ్మా, లైను బాగాలేదు, గరగరలాడుతోంది’ అని తిట్టుకునేవాళ్లు. లైన్‌మెన్ వచ్చి తీగలు మార్చి వెళ్లేవాడు. గరగర తీగల్లో లేదని ఎవరికీ తోచలేదు. ఆఖరికి పై అధికారి ఆమెను ఏడో సీటు నుంచి లేపి, రికార్డుల గదికి మార్చాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నా గొంతు పోయిందండీ, అని ఒక్క మాట అని, పిల్లకు జడ వేస్తూ కూర్చుందట.

“ఆ రెండో అచ్చు పోశాక అంగిలి మీద చిన్న చిన్న బొడిపెలు వచ్చాయి,” అన్నాడు ఆయన. “అచ్చు తీసేటప్పుడు గాలిబుడగలు పడితే అలాగే వస్తాయి. మాకు అలవాటే. కత్తి తీసి నున్నగా చెక్కేశాను. నా చేత్తో చెక్కేశాను తొర్రీ.”

ఆమె ఆ అచ్చును కిటికీ వెలుగుకి తిప్పి చూసింది. అంగిలి ముందు భాగంలో కత్తి గీతలు ఇంకా ఉన్నాయి.

“తర్వాత రెండేళ్లకి మూడోది తీశాను. బొడిపెలు మళ్లీ అక్కడే ఉన్నాయి. గాలిబుడగ ఒకే చోట రెండుసార్లు పడదు కదా.”

అప్పుడు తెలిసిందా అని ఆమె అడిగింది. ఏ డాక్టరూ పేరు చెప్పలేదు గానీ, అదేనని తెలిసిందన్నాడు. తెలిసి ఏం చేశావు అని అడిగింది. ఆయన మూడో అచ్చును గుడ్డతో తుడవసాగాడు. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి కొంచెం గట్టిగా.

“పళ్లు కట్టాను,” అన్నాడు.

ఆ మాట దగ్గర ఆమెకు చాలా గుర్తుకొచ్చాయి. పొద్దున్నే అద్దం ముందు అమ్మ నల్ల పెన్సిలుతో కనుబొమలు దిద్దుకోవడం. అమ్మలందరూ లేవగానే కనుబొమలు గీసుకుంటారని తాను అనుకోవడం, స్నేహితురాలి ఇంటికి వెళ్లి, మీ అమ్మ పెన్సిలు ఏది అని అడిగి నవ్వులపాలవడం. పొయ్యి మీది నుంచి దించిన టీ అమ్మ ఊదకుండా తాగేసేది. పెదవి కాలదా అని అడిగితే, మీ అమ్మ పెదవి ఇనుపది అనేది. బళ్లో ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది. పెదవికి వేడి తెలియకపోవడం అంటే ఏమిటో, మొన్న టైలరమ్మ కూడా అదే మాట అనేదాకా ఆమె ఆలోచించనే లేదు. వైద్యం చదివిన మనిషి. ముప్పై నాలుగేళ్లు ఆ టీ గ్లాసుని అమ్మ గొప్పతనంగానే దాచుకుంది.

పోయిన నాలుగు పళ్ల చోట ఆయన కట్టిన పళ్లు అంత బాగా కుదిరాయట. రంగు, వంపు, అన్నీ అచ్చం పాతవే. మొదటి అచ్చు దగ్గర పెట్టుకుని, ఆ చిట్లిన మూల కూడా మళ్లీ చేశాడు, ఎవరికీ అనుమానం రాకుండా. పైపెదవి లోపలికి పోకుండా చిగురు పైన ఇంకాస్త మందం పెట్టాడు. కనుబొమలకు పెన్సిలు తనే కొనుక్కొచ్చాడు. ఇంటికొచ్చినవాళ్లు ఏమ్మా, చిక్కావు అనేవాళ్లే తప్ప ఇంకో మాట అనలేదు. నేను కట్టిన సెట్లలో అంత మంచిది ఇంకోటి లేదు అన్నాడు. అందులో గొప్ప ఏమీ లేదు. నేరం ఒప్పుకునేవాడు చెప్పినట్టు చెప్పాడు.

“ఏడాదిన్నర, తొర్రీ. మందులున్నాయని నాకు తెలియదు. పేరు బయటికొస్తే ఇల్లు నిలబడదనే తెలుసు. అప్పట్లో ఎవరికైనా ఆ పేరు అంటితే వాళ్ల పిల్లను బళ్లో ఏ పిల్ల పక్కన కూర్చోబెట్టేవాళ్లు? అందుకే దాచాను. నా పని బాగుండటమే కొంప ముంచింది. పళ్లు వంకరగా కట్టి ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు. అడిగితే డాక్టరు దాకా వెళ్లేవాళ్లం.”

ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. ఇన్నేళ్లూ తను డాక్టరుగా ఇదే ఇంట్లో ఉంటే, ఒక్కరోజైనా చెప్పలేదేం అని అడిగింది. రోజూ చెప్పాలనే ఈ గదిలోకి వచ్చేవాడినన్నాడు. ఎవరినైనా ముందుగా పరీక్షించాలంటే తననే కదా, ఎనిమిదేళ్లు ఆ అమ్మ ఒళ్లో పడుకున్న పిల్లనే కదా అంది. అప్పుడు ఆయన తలెత్తి, చెయ్యి చాచి, ఆమె చెవి తమ్మెను రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టుకుని వదిలాడు.

బడికి వెళ్లే ముందు రోజూ అలా పట్టుకునేవాడు. ముద్దు అనుకుంది. స్నేహితురాళ్లు ఎగతాళి చేస్తున్నారని పద్నాలుగేళ్లప్పుడు పోట్లాడి మాన్పించింది. మానేసిన రోజు నుంచి ఆయన తలుపు దగ్గర నిలబడి, వెలుగులో ఆమె కనుబొమలు చూసి పంపేవాడు. అది ఆమెకు ఇప్పుడే తెలిసింది.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లింది నువ్వేనా అని అడిగింది. కాదన్నాడు. ఓ ఉదయం ఆమె అద్దం ముందు పెన్సిలు పట్టుకుని ఉంటే, పిల్ల పక్కన కూర్చుని అరిగిపోయిన పాత పెన్సిలు ముక్కతో తన కనుబొమల మీద గీసుకుంటోందట. తల్లి ఆ పెన్సిలు విరిచి కిటికీలోంచి పారేసి, నన్ను డాక్టరుకి చూపించండి, లేదా నేనే వెళ్లి చూపించుకుంటాను అందట. వారంలో ఆ దూరపు ఆసుపత్రికి బయల్దేరారు. గేటు దగ్గర ఆమె తన పెట్టె తనే తీసుకుంది. ఆయన్ను లోపలికి రానివ్వలేదు.

తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పబోతుండగా ముందు గదిలో గంట మోగింది. గోడ గడియారంలో నాలుగు. టైలరమ్మ, ఆమె భర్త వచ్చారు.

డాక్టరమ్మ ముఖం కడుక్కుని ముందు గదిలోకి వెళ్లింది. భర్త పుస్తకాలు బైండింగు చేసే మనిషి. గోళ్ల చుట్టూ జిగురు ఎండి ఉంది. టైలరమ్మ పెదవులకు చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని డాక్టరమ్మ అనుకుంది, అలాగే చెప్పింది. రోగం పేరు చెప్పింది. మాత్రలున్నాయనీ, ఏడాది పాటు వాడాలనీ, మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటుకునే భయం పోతుందనీ, ఇంట్లో అందరూ ఒకసారి చూపించుకోవాలనీ చెప్పింది. ఎముక కొంత పోయింది, అది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవచ్చు అంది.

భర్త లేచాడు. వెళ్లిపోతాడనుకుంది. వెళ్లి వీధి తలుపు మూసి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

“ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా అమ్మా?”

చెప్పలేదంది. ఆయన గొంతు తగ్గించాడు. వచ్చే నెల కూతురి పెళ్లి. పెళ్లికొడుకు తరఫువాళ్లు మంచివాళ్లే, కానీ ఎంత మంచివాళ్లయినా ఈ పేరు వింటే ఆగుతారా. ప్రస్తుతానికి ఆ నాలుగు పళ్లూ తీసేసి కొత్తవి కట్టండి. ముఖం మామూలుగా కనబడితే చాలు. పెళ్లవగానే మాత్రలు మొదలుపెడతాం, ఈవిడ మీద ఒట్టు. టైలరమ్మ చెంగు తీసి, నెలేగదమ్మా, మూడేళ్లు ఆగినదాన్ని నెల ఆగలేనా, అంది.

డాక్టరమ్మ కాదనాలి. కాదనడానికి చదువులో మాటలు బోలెడున్నాయి. కొత్తగా పెరిగే బొడిపెల గురించి, నరాల గురించి ఏదో మొదలుపెట్టి, ఆ తల్లి ముఖం చూసి మధ్యలో ఆపేసింది.

వెనక గది తలుపు తెరుచుకుంది. పళ్ల మేస్త్రి రెండు చేతులతో మూడో అచ్చును పట్టుకుని వచ్చాడు. ఆయన రోగుల ముందుకు వచ్చి రెండేళ్లయింది. నేరుగా వెళ్లి దాన్ని టైలరమ్మ ఒళ్లో పెట్టాడు.

“చూడమ్మా. ఇది నా భార్య నోరు.”

ఆమె దాన్ని ముట్టుకోవడానికి వెనకాడింది. ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మీరు అడిగిన పనే నేను చేశాను అన్నాడు. నాలుగు పళ్లూ కట్టాను, ఎంత బాగా కట్టానంటే సొంత అక్కచెల్లెళ్లు కూడా కనిపెట్టలేదు. నెల అనుకున్నాం. పిల్లకు బడి పరీక్షలయ్యాక అనుకున్నాం. ఆ తర్వాత ఇంకోటి వచ్చింది. కట్టిన పళ్ల వెనకాల రోగం తన పని తాను చేసుకుపోయింది. ముక్కు దూలం కుంగింది. చేతివేళ్లకు స్పర్శ పోయింది. నేను ఆమె ముఖాన్ని కాపాడుతున్నాననుకుంటూ మనిషిని వదిలేశాను.

“ఈ పళ్లు ఇప్పుడు కట్టించొద్దమ్మా,” అన్నాడు. “మీ అమ్మాయి పెళ్లిలో నువ్వు బోసినోటితో కూర్చో. పళ్లు ఊడాయని చెప్పు, చాలు. ఊడినవాళ్లు ఊళ్లో ఎంతమంది లేరు? మందులు మాత్రం ఈ రోజే మొదలుపెట్టు.”

బైండింగాయన తల వంచుకున్నాడు. టైలరమ్మ మెల్లగా అచ్చును తీసుకుంది. బట్ట నాణ్యం చూసే చేతులు అవి. బొటనవేలితో ఆ అరిగిన గట్టును తడిమింది. అంగిలి మీది బొడిపెల దగ్గర వేలు ఆగింది. నాలుక తన అంగిలికి ఆనించుకుని, రెంటినీ పోల్చుకుంటోందని డాక్టరమ్మకు అర్థమైంది.

“ఆవిడ ఎన్నాళ్లు బతికారండీ?” అని అడిగింది టైలరమ్మ.

డాక్టరమ్మ కళ్లు దించుకుంది. ఆ జవాబు తను ఎనిమిదేళ్ల వయసు నుంచీ మోస్తున్నదే.

“బతకడమేమిటమ్మా,” అన్నాడు ముసలాయన. “ఉంది. రెండేళ్లు మాత్రలు మింగింది, రోగం పూర్తిగా పోయింది. పోయిన నెల కూడా ఉత్తరం రాసింది.”

టైలరమ్మ ఊపిరి పీల్చుకున్న చప్పుడు గదంతా వినిపించింది. ఆ ఒక్క మాట కోసమే ఆమె అక్కడ కూర్చున్నట్టుంది. అచ్చును ఆయన చేతికిచ్చి, భర్త వైపు తిరిగి, పదండి, ఆ చర్మం డాక్టరు ఆసుపత్రి మూసేలోపు వెళదాం అంది. ఆయన లేచాడు. ఇందాక తను మూసిన తలుపు తనే తెరిచాడు. మెట్లు దిగేటప్పుడు భార్య మోచెయ్యి పట్టుకున్నాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా డాక్టరమ్మ కదల్లేదు. చేతిలో చీటీల పుస్తకం ఉంది. మందు పేరు సగం రాసి కలం ఆగిపోయింది. తండ్రి స్టూలు మీదే ఉన్నాడు.

ఆమె అరుస్తుందని ఆయన అనుకున్నాడేమో, భుజాలు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు. ఆమె అరవలేదు. బళ్లో దరఖాస్తుల్లో తల్లి పేరు ఎదురుగా ‘లేరు’ అని తన చేత్తో ఎన్నిసార్లు రాసిందో లెక్కపెట్టుకుంటోంది.

“చచ్చిపోయిందన్నావు,” అంది.

“అనలేదు. రాదన్నాను. నువ్వే అలా అనుకున్నావు. నేను దిద్దలేదు.”

“ఎక్కడుంది?”

ఆ ఆసుపత్రి పక్కనే, అక్కడి పిల్లలకు చదువు చెప్పుకుంటూ ఉందన్నాడు. ఏడాదికోసారి తను వెళ్లి వస్తున్నాననీ, మైనం డిపోకని చెప్పి వెళ్లే ప్రయాణాలన్నీ అక్కడికేననీ చెప్పాడు. చేతులు పనిచేసినన్నాళ్లూ ఆమెకు పళ్లు తనే మార్చాడట.

ఇదంతా ఆమె విన్నది. విన్నా మనసు ఒక్కచోటే తిరుగుతోంది. రెండేళ్లకే నయమైంది. అప్పటికి తనకు పదేళ్లు. జడ వేసేవాళ్లు లేక జుట్టు కత్తిరించిన వయసు. రాత్రుళ్లు అమ్మ దిండు కవరు వాసన చూసి పడుకున్న వయసు.

“నయమైతే ఇంటికి ఎందుకు రాలేదు నాన్నా? నువ్వు వద్దన్నావా?”

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆయన ఎన్నోసార్లు మనసులో చెప్పుకుని సిద్ధం చేసుకున్నవే. ఇది మాత్రం కాదు. చెప్పకుండా గడిచిపోతే బాగుండునని ముప్పై రెండేళ్లుగా దాటవేసినది. కూతురి ముఖంలోకి చూడలేక, తన చేతుల్లోకి చూసుకుంటూ చెప్పాడు.

“వచ్చింది, తొర్రీ. ముందు చెప్పకుండా, ఓ మధ్యాహ్నం వచ్చింది. నేను ఇంట్లో లేను. తలుపు తీసింది నువ్వు.”